చెప్పకుండా విరిగే కర్ర

భవన భద్రతాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: అమీర్‌పేటలో లీలాకుమారి గారి ఆడపిల్లల హాస్టలు మూడో అంతస్తు కర్ర వంతెన మూయించుట గురించి.

ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ అర్జీ తెల్లకాగితంపై, నీలి సిరాతో, ఎడమ పక్క రెండంగుళాల మార్జిను వదిలి రాయబడినది. ఈ వంతెన గురించిన నా మొదటి అర్జీని మార్జిను చాలలేదని తమ గుమాస్తా తిప్పిపంపాడు. వేసవిలో తమ లిఫ్టుకు దిష్టి తీయించాలని అర్జీ పెట్టినదీ నేనే. ఇది ఆ జాతిది కాదు.

1. సదరు వంతెన హాస్టలు రెండు భవనాలను కలుపుతుంది. పలకలు చెద పట్టకుండా బట్టీలో వేడికి కాల్చిన కర్ర. రోజూ తొంభై మంది పిల్లలు దాని మీదుగానే టిఫినుకు పోతారు.

2. వంతెన పరీక్షకని పంజాగుట్ట నుంచి యంత్రం తెచ్చిన వంశీధర్ గారు పలక ఒక కొసన సుత్తితో కొట్టి, శబ్దం రెండో కొసకు ఎంతసేపట్లో చేరిందో చూసి, కోయకుండా విరవకుండా "భేష్" అని సంతకం పెట్టారు. శబ్దం వేగాన్ని బట్టి బలం లెక్కగట్టే యంత్రంలోని పట్టిక కాల్చని టేకుది. అదే అడిగితే, "రీడింగు ఇంత బాగా వస్తే ఇంకా అనుమానం ఏంటండీ?" అన్నారు.

3. పలకలు బిగించిన వడ్రంగి గిడియన్ నా దుకాణం ముందు అన్న మాట: "అన్నా, పచ్చి అప్పడం వంగుతది, కాల్చింది కడక్‌గ నిలబడతది. నిలబడ్డది గదా అని దానిమీద కూసుంటవా?" శబ్దం బిగువు చెబుతుంది, బలం చెప్పదు. వంతెనకు వేయగా మిగిలిన పలక ఒకటి, అదే కర్ర కాల్చనిది ఒకటి తెచ్చి ఇటుకలు పేర్చాము. కాల్చనిది వంగింది, మూలిగింది, ఆనక విరిగింది. కాల్చినది అందులో సగం ఇటుకలకే, చెప్పకుండా విరిగింది. అన్నిటికీ నవ్వే నాకు అప్పుడు నవ్వు రాలేదు.

4. మంగళవారం ఉదయం భానుశ్రీ అనే పిల్ల ఇడ్లీ పళ్లెంతో పోతుండగా పలక విరిగి, కాలు తొడదాకా దిగి, ఎముక బయటికి వచ్చినది. సోమాజిగూడ ఆస్పత్రిలో ఉన్నది.

కావున వంతెన నేడే మూయించి, తమ సమక్షంలో ఒక పలక విరిపించి, ఆ లెక్క యంత్రానికి నేర్పిన తరువాతనే మిగిలినవి కొట్టి చూడమనవలెనని ప్రార్థన. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
రాఘవేందర్
జిరాక్సు దుకాణం, సదరు హాస్టలు ఎదుట

తా.క. భానుశ్రీ అనే పిల్ల లేదు. నాలుగో అంశం మొత్తం నా కల్పన. ఇవాళ ఉదయం టిఫిను దాకా ఎవరూ పడలేదు, నేను నిలబడి లెక్కపెట్టాను. రెండో అర్జీలో ఉన్నదున్నట్టు రాస్తే, ప్రమాదం జరిగిన తేదీ లేదని తిప్పిపంపారు. అందుకని ఒకటి జరిపించాను. తమరు ఆలస్యం చేస్తే ఆ పేరు కొట్టేసి పక్కన అసలు పేరు రాయవలసి వస్తుంది. మార్జిను రెండంగుళాలు అందుకే వదిలాను.