శనివారం దాకా మూత విప్పను

సోమవారం, ఉదయం 7:00
ఒట్టు! శనివారం దాకా కంప్యూటర్ మూత విప్పను. మా ఆవిడ టీచరు. శనివారం మధ్యాహ్నంలోగా ప్రశ్నపత్రాలు బడికి పంపాలి. అన్నీ అందులోనే ఉన్నాయి. స్క్రూడ్రైవర్ అత్తయ్యగారి మందుల డబ్బాలో దాయించాను. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ కూడా తీయాలి. రేపు.

మంగళవారం, సాయంత్రం 6:00
కంప్యూటర్ లోపలి ఫ్యాన్ గుర్రుమంటోంది. విననట్టే కూర్చున్నాను. నా నిగ్రహానికి నాకే ముచ్చటేసింది!
బావమరిది ఫోన్. వాడి పాత గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉందట, పంపిస్తాడట. ముందు ర్యామ్ పెంచాలని నేను, కాదు కార్డే అని వాడు. గంటన్నర. మాట్లాడితే విప్పినట్టు కాదుగా!

గురువారం, 5:00
కార్డు వచ్చింది. ఊరికే చూస్తున్నాను.
అత్తయ్యగారు పక్కన చేరారు. "అల్లుడుగారూ, నా పేకాట మరీ నత్తనడక నడుస్తోంది. ఇది పెడితే పరిగెడుతుందా?"
"ఒట్టేశానండీ."
"వేసింది మీరు. డబ్బా నా దగ్గరుంది."

శుక్రవారం
4:00 – మా ఆవిడ బడిలో ఉంది. విప్పాం.
4:12 – కార్డు పెట్టాం, మూశాం. ఇంతేనా!
4:13 – తెర నల్లగా ఉంది.
4:40 – ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టాను. నలుపే.
5:30 – మా ఆవిడ వచ్చింది. చెప్పేశాను. "కాపీ తీశారా?" అంది. "రేపు తీద్దామనుకున్నా" అన్నాను. ఒక్క మాటైనా తిట్టకుండా తెల్లకాగితాలు తీసి, గుర్తున్న ప్రశ్నలు రాయడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.
"నేను వద్దంటూనే ఉన్నానమ్మా!" అన్నారు అత్తయ్యగారు.

శనివారం
9:00 – రాస్తుంటే పెన్ను బల్ల వెనక పడింది. తీయడానికి వంగిన మా ఆవిడ అక్కడే ఆగింది. "ఏమండీ, కొత్త కార్డుకి వైరే లేదేంటి?"
తెర వైరు పాత చోటే గుచ్చి ఉంది. నేనే గుచ్చాను.
9:02 – వెలుగు! ప్రశ్నలన్నీ భద్రం!
11:40 – పంపేసింది. స్క్రూడ్రైవర్ బీరువాలోకి, బీరువా తాళం ఆవిడ సంచిలోకి.

ఆదివారం, ఉదయం 8:00
ఒట్టు! ఈసారి నెల రోజులు!

8:25
పేకాట పరిగెడుతోందట. ఫ్యాన్ గోలకే ఆట మీద మనసు నిలవడం లేదట.

8:40
అత్తయ్యగారి గోళ్ళు తీసుకునే కట్టర్‌తో స్క్రూలు వస్తాయి! రెండు వదులు చేశాం, అంతే. విప్పలేదు.

9:10
ఒట్టు రేపటి నుంచి.