పేజర్‌కొచ్చిన కబురు

కొత్తగూడ, 1998 ఆగస్టు, మంగళవారం

సిమెంటు ఆర్డర్ల కోసమని కొన్న పేజర్ ఈ సాయంత్రం దుకాణంలో మోగింది. "అమ్మ దవాఖానలో ఉంది, జల్ది రా" అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. మా అమ్మ ఎప్పుడో పోయింది. ఎవరికో వెళ్లాల్సిన కబురు పొరపాటున నాకొచ్చింది.

ఎస్టీడీ బూత్ నుంచి పేజర్ కంపెనీకి ఫోన్ చేశాను.

"పంపినవాళ్లు పేరు గానీ నంబరు గానీ ఇవ్వలేదండి," అంది ఆపరేటర్.

"మళ్లీ చేస్తే తప్పు నంబరని చెప్పు తల్లీ," అని బతిమాలాను. సరేనంది.

ఇంట్లో సరోజ, "నువ్వేం జేస్తవ్ చెప్పు? ఇగ ఫికర్ జేయకు, తిను," అంది. ముద్ద దిగలేదు.

ఈ పేజర్‌కు మాట రావడమే గానీ, తిరిగి చెప్పే దారి లేదు. ఆ తల్లి మంచం పక్కన ఉన్నవాళ్లు, కబురు అందిందనే నమ్మకంతో, ఇప్పుడు కూడా గుమ్మం వైపే చూస్తుంటారు...