మాటలు ఆగిపోయిన ఓడ సినిమా

నాయనా, వందనాలు. అనంతపురంలో మేమంతా బాగున్నాం. ఫోనులో నీకు వినపడదని కార్డు రాస్తున్నాను.

మొన్న ఆదివారం కాలేజీలో డెన్మార్క్ వాళ్ల పాత హాస్య సినిమా వేశారు. కథంతా ఓడలోనే. ఎంత గొప్పగా తీశారో! ఊగే ఓడలో వంటవాడు పులుసు గిన్నె పట్టుకుని నడుస్తుంటే కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. వాడు బిందెడు మంచినీళ్లు సముద్రంలో కుమ్మరించగానే మాత్రం హాలంతా అయ్యో అంది. పక్కింటి తిప్పమ్మక్క లేచి, "ఏమప్పా, తాగే నీళ్లు యాడ పారబోస్తాండావు?" అని తెరనే తిట్టింది.

అంతలో స్పీకరు పాడయింది. ఆ తర్వాత చివరిదాకా ఒక్క మాటా వినపడలేదు. అయినా ఎవరూ లేచిపోలేదు, నవ్వూ ఆగలేదు.

బోరులో నీళ్లు వస్తున్నాయా? అమ్మ మోకాలికి తైలం రాస్తోందా? వచ్చేటప్పుడు పచ్చి వేరుశనక్కాయలు తీసుకురా.

అవును, నువ్వు రావాలి. ఈ ఆదివారం మళ్లీ అదే సినిమా. "చెవులు పోయినోనికి సినిమా ఏంటికి మా" అంటావు. స్పీకరు బాగుచేసినా చేయకపోయినా మనకేం? మొన్న ఆ హాల్లో అందరమూ నీలాగే చూశాం నాయనా.

మన ఊరు యాడికి నుంచి పొద్దున బస్సెక్కు. స్టాండులో నేనుంటాను. దేవుడు మీ ఇద్దరికీ తోడుండుగాక.

నీ బిడ్డ
రెబెకా