ఐపీ పెట్టినవాడి కార్డు

2025 మార్చి 11
ఐపీ వేసి నెల దాటింది. తెల్లమచ్చ తెగులు వచ్చి వరసగా రెండు పంటల రొయ్యలు చెరువులోనే చచ్చాయి. మేత అప్పిచ్చిన విజయభాస్కర్‌కూ మిగతావాళ్లకూ కట్టలేనని కోర్టులో చెప్పుకున్నాను. ఇప్పుడు ఊళ్లో నా పేరు ఐపీ గిరి. టీ కొట్టులో కూడా ముందు డబ్బులు, తర్వాతే గ్లాసు.

వకీలు హజరత్తయ్య గారు ఒకటే హెచ్చరించారు. కోర్టుకు రాసిచ్చింది తప్ప నీ పేరున ఒక్క రూపాయి అగపడగూడదబ్బా, అగపడిందంటే పిటిషన్ కొట్టేస్తారు, ఇల్లు వేలానికి పోతాది అని.

మార్చి 19
నెల్లూరులో బ్యాంకుల చుట్టూ తిరిగాను. అప్పు తీర్చే తీరుకు మార్కులేసే నా సిబిల్ స్కోరు చూసి అందరూ నవ్వు ఆపుకుంటున్నారు. చివరికి ఒక అమ్మాయి చెప్పింది, ఎఫ్.డి. వేస్తే దాని మీద కార్డు ఇస్తారట. ఏడాది సక్రమంగా కడితే స్కోరు లేస్తుందట, మళ్లీ లోన్ పుడుతుందట. అంటే నా డబ్బు వాళ్లకిచ్చి, దాన్నే వాళ్ల దగ్గర అప్పు తెచ్చుకోవాలి. ఇంత సిగ్గుమాలిన బేరం ఎక్కడైనా ఉందా?

అయినా ఆశ పుట్టింది. పాడు ఆశ.

మార్చి 21
ఎఫ్.డి. వెయ్యడానికి మా ఆవిడ వినీల తన బంగారు గాజులు తీసిచ్చింది. వకీలు గారికి చెప్పినావా అని అడిగింది. చెప్పానన్నాను.

ఏప్రిల్ 9
కార్డు వచ్చింది. నా పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంది. వేలితో ఎంతసేపు తడిమానో రాయడానికి సిగ్గేస్తోంది.

మే 16
గంగమ్మ కొలుపు. ఏటా అన్నదానానికి మా ఇంటి నుంచి బియ్యం వెళ్లేది. ఇచ్చినవాళ్ల పేర్లు మైకులో చదువుతారు. ఈసారి కమిటీవాళ్లు పక్కింటిదాకా వచ్చి మా గడప తొక్కకుండానే పోయారు. అప్పులవాళ్ల తిట్లు తట్టుకున్నాను. ఇది తట్టుకోలేకపోయాను.

నెల్లూరు వెళ్లి కార్డు గీకి, రెండు బస్తాలు ఆటోలో తెచ్చి గుడి ముందు దించాను. సాయంత్రం మైకులో చదివారు. గిరిబాబు గారు, రెండు బస్తాలు అన్నారు. గారు అన్నారు! వినీల తలొంచుకుంది. నేను మాత్రం ఎత్తుకునే నిలబడ్డాను.

మే 18
మైకు ఊరంతటికీ వినబడుతుందని నా బుర్రకు తట్టలేదు. ఐపీ పెట్టినోడికి బియ్యం బస్తాలు యాడినించి వచ్చినాయి అని విజయభాస్కర్ బజార్లో నిలబడి అడిగినాడట. ఆటోవాడు కొట్టు చూపించాడు. కొట్టువాడు కార్డని చెప్పాడు.

మే 19
అన్నం సయించలేదు.

సెప్టెంబర్ 24
విజయభాస్కర్ ఆ కార్డు కూపీ లాగించడంతో కోర్టులో ఎఫ్.డి. సంగతి బయటపడింది. ఆస్తి దాచానని పిటిషన్ కొట్టేశారు. మెట్లు దిగుతుంటే హజరత్తయ్య గారు నా చెయ్యి పట్టుకుని ఆపారు. ఒక్క మాట నా చెవిన వేసుంటే ఇంతదాకా వచ్చేదా గిరిబాబూ అని అడిగారు.

వినీల పక్కనే ఉంది. విన్నది. బస్సులో వేరే సీట్లో కూర్చుంది.

అక్టోబర్ 30
ఎఫ్.డి. కోర్టు జప్తులోకి పోయింది. కార్డు చచ్చింది. ఇంటి తలుపుకు వేలం నోటీసు అంటించి వెళ్లారు. నేను చూస్తూ నిలబడ్డాను. చేసేదేముంది?

నవంబర్ 6
వినీల రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి కుదిరింది. పొద్దున వెళ్తూ నా చేతిలో యాభై రూపాయలు పెట్టింది. దేనికి ఖర్చయిందో సాయంత్రం చెప్పాలంది.

సరేనన్నాను.