అమ్మ ఫోన్ మోగలేదు

ఫిబ్రవరి 3, సోమవారం

అమ్మకు టచ్ ఫోన్ కొన్నా. పాత కీప్యాడ్ ఫోన్‌లో ఐదు, సున్నా పడటం లేదు. ఇది బాగుచేసేది కాదప్పా, పారేయ్ అని షాపాయన చెప్పేశాడు. ఉన్నవాటిలో చిన్నది, మామూలుది తీసుకున్నా. సిమ్ మాత్రం పాతదే. పదిహేనేళ్ల నుంచి అమ్మకు ఒకటే నంబరు. నేను ఆఫర్ వచ్చినప్పుడల్లా సిమ్ మారుస్తా, నా నంబరు నాకే గుర్తుండదు. నాయనకు నోటికి వచ్చిన నంబరు అమ్మది ఒక్కటే. లారీ తోలేవాళ్లు అంతే. దారిలో చార్జింగ్ అయిపోతే ఏ టీకొట్టు వాళ్ల ఫోన్ దొరికితే దాన్నుంచే ఇంటికి చేస్తారు.

ఎర్రగుంట్లలోనే ఒక సెల్ షాపులో మూడు నెలలు పని చేశా. తర్వాత బోర్ కొట్టి మానేశా. కాబట్టి సెట్టింగులన్నీ నాకు తెలుసు. భాష తెలుగు పెట్టా. అక్షరాలు పెద్దవి చేశా. అమ్మకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. అందుకని పేర్లకు ఫొటోలు పెట్టా. నాయనకు లారీ. నాకు నా మొహం. అత్తగారింట్లో ఉండే ఫిరోజా అక్క ఫొటో మాత్రం అమ్మ పెట్టనివ్వలేదు. ఆడపిల్ల మొహం ఫోన్‌లో ఎందుకురా, ఎవరి చేతిలో పడితే వాళ్లు చూస్తారు, అనింది. అక్కకు పచ్చ గాజులు పెట్టా.

అమ్మ తాకదు, నొక్కుతుంది. నొక్కేసరికి బొమ్మలు లేచి ఊగి ఇంకో చోటికి పోతాయి. గోతాలు కుట్టి కుట్టి వేళ్ల చివర్లు కాయలు కాచాయి. మెల్లగా తాకితే ఫోన్‌కు తెలియడం లేదు. రెండు గంటలు అరిచా. చివరికి, పెనం కాలిందా లేదా చూస్తావు కదమ్మా, అట్లా తాకు అన్నా. వెంటనే వచ్చేసింది. ఈ మాట ముందే చెప్పింటే నీకు గొంతు నొప్పి తప్పేది కదా కొడకా, అనింది.

ఫిబ్రవరి 4

వంటింట్లో నుంచి నాకు ఫోన్ చేసింది. నేను గడప బయటే ఉన్నా. ఏమమ్మా అంటే, ఏమీ లే, పెట్టేయ్ అనింది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

నమాజు నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఫోన్ చూసి అంకెలు చదువుతోంది. నాలుగు, ఏడు, ఏడు, ఒకటి. ఎవరమ్మా అంటే, బ్యాంకు పిల్లోడు, శానా మర్యాదస్తుడు, అమ్మా అమ్మా అంటాండాడు, అనింది. ఇంకా రెండే అంకెలు మిగిలాయి. లాక్కుని కట్ చేశా.

ఆమె మీద బాగా అరిచా. ఓటీపీ ఎవడికీ చెప్పకూడదని తెలియదా అన్నా. అమ్మ మొహం చిన్నబోయింది. తెరమీద అంకెలు వస్తే చదవమని నువ్వే కదరా నేర్పిచ్చినావు, అనింది. తర్వాత చాలాసేపు ఫోన్ ముట్టుకోలేదు. బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టింది.

కూర్చుని సెట్టింగుల్లోకి పోయా. తెలియని నంబర్లన్నీ బ్లాక్ చేసే ఆప్షన్ ఉంది. అది ఆన్ చేస్తే సేవ్ చేసిన వాళ్ల కాల్స్ తప్ప ఇంకేవీ రావు. ఫోన్ మోగదు, వెలగదు. చేసినవాళ్లకు ఒక రింగు వినపడి కట్ అవుతుంది. ఆన్ చేశా. పది సెకన్ల పని. అమ్మకు చెప్పలేదు. ఇక భయం లేదులే, వాడు మళ్లీ చేయడు అని మాత్రం అన్నా.

నేను చేసిన పనుల్లో ఇదొక్కటి సరిగ్గా చేశా అనిపించింది.

ఫిబ్రవరి 9, ఆదివారం

నాయన రేపు రాయచూరుకు సిమెంట్ లోడు తీసుకుపోతున్నాడు. అమ్మ బీపీ మాత్రల అట్ట తెచ్చి చూపించింది. నెల మొదట్లో తెచ్చిన అట్ట, రెండే ఖాళీ అయ్యాయి. ఇంక గొడవే. ఈ మాత్రలు మింగితే స్టీరింగ్ మీద నిద్ర వస్తాది మే, నిద్రపోయి చచ్చేదానికంటే బీపీ మేలు, అని నాయన. అయితే చావు, అని అమ్మ. అన్న తర్వాత నోటి మీద చెయ్యి పెట్టుకుంది. కానీ కోపం తగ్గలేదు. మాత్రలు తీసుకోకుండా పోతే నాకు ఫోన్ చేయాకు, చేసినా ఎత్తను, కట్ చేస్తా, టచ్ ఫోన్‌లో కట్ చేసేది కూడా నేర్చుకున్యా, అనింది.

నాయన నవ్వాడు. నేనూ నవ్వా.

మాత్రలు కిటికీలోనే వదిలేసి పోయాడు.

ఫిబ్రవరి 11, మంగళవారం, సాయంత్రం ఐదున్నర

నాయన ఫోన్ మధ్యాహ్నం నుంచి స్విచాఫ్. లారీలో చార్జింగ్ పిన్ పోయిందని పోయిన వారమే చెప్పాడు. అమ్మ మాత్రం ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గోతాలు కుట్టలేదు. ఖాళీ లారీతో తిరుగొచ్చేటప్పుడు ఎవరి ఫోన్ నుంచైనా చేస్తాడు కదా, ఈ పొద్దు ఎందుకు చేయల్యా, అనింది. సైలెంట్‌లో పెట్టినావేమో చూడరా అనింది. చూశా. లేదు. ఫుల్ సౌండ్. అలిగినాడులేమ్మా అన్నా.

మళ్లీ ఇప్పుడు పిలుస్తోంది. సిగ్నల్ ఉండాదా చూడమని.

ఫిబ్రవరి 12, బుధవారం, బస్సులో

తెల్లారేసరికి లారీ ఓనర్ దగ్గర ఉండే గుమాస్తా వచ్చాడు. ఏమప్పా మీ ఇంట్లో, రాత్రి నుంచి మీ అమ్మకు చేస్తాంటే కట్ చేస్తాండారు, అని తిట్టుకుంటూనే వచ్చాడు. నాయనకు పక్షవాతం. కర్నూలు పెద్దాసుపత్రిలో ఉన్నాడు. కోడుమూరు దాటినాక ఒక టీకొట్టు దగ్గర పడిపోయాడంట. మా వీధిలోనే ఉండే ఓబుళేశు వెనక లారీలో వస్తూ చూసి తీసుకుపోయాడంట.

అమ్మ ఏడవలేదు. నేను కట్ చేయల్యా కదరా అని ఒకటే మాట అంటోంది. గుమాస్తా నంబరు కనపడలేదు కదరా అంటోంది. కిటికీ వైపు తిరిగి కూర్చున్నా.

సాయంత్రం

కుడి చెయ్యి, కుడి కాలు లేవడం లేదు. నోరు పక్కకు పోయింది. మాట లేదు. మనం మాట్లాడేది తెలుస్తుంది అని డాక్టర్ చెప్పాడు. నాలుగున్నర గంటల లోపల తెచ్చి ఉంటే ఒక ఇంజెక్షన్ వేసేవాళ్లంట. ఒంట్లో తేడా మొదలైన ఐదు గంటలకు వచ్చాడు.

అమ్మ దగ్గరికి పోతే నాయన గోడ వైపు మొహం తిప్పుకున్నాడు.

ఫిబ్రవరి 13, గురువారం

ఓబుళేశు బయట టీ తాగిస్తూ చెప్పాడు. రెండు గంటలకే చెయ్యి తిమ్మిరెక్కిందని మీ నాయన లారీ పక్కకు పెట్టినాడంట. గంటసేపు పండుకున్నా తగ్గకపోతే ఆ టీకొట్టామె ఫోన్ తీసుకుని మీ అమ్మకు చేసినాడంట. ఒకసారి కాదురా, పదకొండు సార్లు. చేసిన ప్రతిసారీ కట్ చేసిందంట మీ అమ్మ. ఎంత కోపమున్నా అట్ల చేస్తారా ఆడోళ్లు, అన్నాడు.

బాత్రూమ్‌లోకి పోయి అమ్మ ఫోన్ తెరిచా. కాల్స్‌లోకి పోయి, బ్లాక్ అయినవి వేరేగా చూస్తే కనపడతాయి. మామూలుగా కనపడవు. మూడు గంటల పది నిమిషాల నుంచి నాలుగూ ఇరవై వరకు. ఒకటే నంబరు. లెక్కపెట్టా. పదకొండు. దాని పైన గుమాస్తావి ఆరు.

బ్లాక్ తీసేశా. ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

ఆ నంబరుకు నా ఫోన్ నుంచి చేశా. టీకొట్టామె పేరు హులిగెమ్మ. నేనెవరో చెప్పగానే అందుకుంది. మీ అమ్మ మనిషేనా, అనింది. మంచం వేసి పండుకోబెట్టినా, నిమ్మరసం ఇచ్చినా, కర్నూలుకు పోదాం లేయన్నా ఆటో పిలుస్తా అంటే మీ నాయన వినల్యా, మా ఇంటామెను ఒక మాట అడిగి పోతా అన్నాడు, అనింది. మొదట్లో నవ్వినాడంట. ఇంకా అలిగే ఉండాది చూడు, అన్నాడంట. తర్వాత తర్వాత నవ్వలేదంట. పదకొండోసారి కట్ అయినాక ఫోన్ ఆమె చేతిలో పెట్టి, ఇంక వద్దులేమ్మా, అన్నాడంట. అదే చివరి మాట. పోయి లారీలో పండుకున్నాడంట, ఆరు గంటలకు దిగబోయి పడినాడంట. ఫోన్ చేసినందుకు మీ నాయన దుడ్లు ఇస్తానన్నా నేను తీసుకోల్యా, కానీ అంత మొండి ఆడదాన్ని నేను చూడల్యా, అనింది.

తప్పు అమ్మది కాదు అని చెప్పబోయా. ఆమె పెట్టేసింది.

ఫిబ్రవరి 16, ఆదివారం

అమ్మ జావ తాగిస్తే తాగడు. నేను తాగిస్తే తాగుతాడు. నర్సు తాగించినా తాగుతాడు. పక్క బెడ్ వాళ్లు చూస్తున్నారు. అమ్మ జావ గిన్నె నా చేతికిచ్చి బయటికి పోయి నిలబడుతుంది. నేను చావమన్యా కదరా, ఆ మాట పట్టుకున్యాడు, అంటోంది. ఆ మాట కాదు. నాకు తెలుసు.

బ్లాక్ తీసేసినప్పటి నుంచి లోన్ కావాలా, ప్లాట్ కావాలా అని రోజుకు పది కాల్స్. అమ్మ ఒక్కటి కూడా వదలడం లేదు. చివరిదాకా వింటోంది.

ఫిబ్రవరి 18

చెప్పలేదు.

ఫిబ్రవరి 19

చెప్పలేదు. బస్టాండ్ దాకా పోయి వచ్చా. ఎర్రగుంట్ల బస్సు ఎక్కి, టికెట్ అడగకముందే దిగేశా.

ఫిబ్రవరి 21, శుక్రవారం

మెట్ల దగ్గర అమ్మకు చెప్పేశా. ఫోన్ చేతిలో పెట్టి ఆ పదకొండూ చూపించా. బ్యాంకు వాడు చేసిన రోజు నేనే ఆన్ చేశా, నీకు చెప్పలేదు అన్నా. అమ్మ అంకెలు ఒక్కొక్కటీ చదివింది. మూడూ పది. మూడూ పదిహేడు. ఆ పొద్దు ఫోన్ నా ఒళ్లోనే ఉండె కదరా, అనింది. అవును అన్నా. నన్ను కొడుతుందనుకున్నా. కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. నాకు కాదు, పోయి మీ నాయనకు చెప్పు, అనింది.

నాయన చెవి దగ్గర కూర్చుని చెప్పా. సెట్టింగ్ అని, బ్లాక్ అని, తెలియని నంబరు అని. నాయన ఎప్పుడూ టచ్ ఫోన్ వాడలేదు. కాల్ వస్తే ఫోన్ మోగుతుంది, మనిషి ఎత్తుతాడు లేదా కట్ చేస్తాడు. ఆయనకు తెలిసింది అంతే. నన్ను చూసి కళ్లు మూసుకున్నాడు. అమ్మను వెనకేసుకొస్తున్నా అనుకున్నాడు. చిన్నప్పటి నుంచి నేను చెప్పిన అబద్ధాలు తక్కువా. నిజం చెప్పిన రోజు ఎవరు నమ్ముతారు.

ఫిబ్రవరి 22, శనివారం

హులిగెమ్మ వచ్చింది. కర్నూలుకు టీపొడి, చక్కెర కొనడానికి వచ్చి, ఆ పెద్దాయన బతికినాడా చూసిపోదామని వచ్చిందంట. జొన్నరొట్టెలు తెచ్చింది. అమ్మను పైనుంచి కిందికి చూసి, ఓ, కట్ చేసిన మహాతల్లివి నువ్వేనా, అనింది. వార్డంతా తిరిగి చూసింది.

అప్పుడు తట్టింది నాకు. అక్కా ఒక్క నిమిషం, నీ ఫోన్ ఇవ్వు అన్నా. అమ్మ ఫోన్‌లో బ్లాక్ మళ్లీ ఆన్ చేశా. నాయన దుప్పటి మీద, కళ్లకు కనపడేట్టు పెట్టా. అమ్మను రెండు చేతులూ వెనక్కి పెట్టుకోమన్నా. హులిగెమ్మ ఫోన్ నుంచి చేసి, స్పీకర్ పెట్టి నాయన చెవి దగ్గర పట్టుకున్నా. ఒక రింగు. కట్. దుప్పటి మీద ఫోన్ వెలగలేదు, మోగలేదు. దాన్ని ఎవరూ తాకలేదు.

హులిగెమ్మ, అయ్యో నా తల్లీ, అని అమ్మ చెయ్యి పట్టుకుంది.

నాయన ఎడమ చెయ్యి వేలు ఎత్తాడు. ఫోన్ వైపు. మళ్లీ చేయమని. మళ్లీ చేశా. ఒక రింగు. కట్. మళ్లీ వేలు. ఎన్నిసార్లు చేశానో. నర్సు వచ్చి ఏంటయ్యా ఈ ఆట అని అరిచింది. నాయన ఆమెకు కూడా వేలు చూపించాడు.

ఆ తర్వాత చాలాసేపు అమ్మను చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు తెలియలేదు. సాయంత్రం అమ్మ ఇచ్చిన జావ తాగాడు. సగం పక్కకు కారింది.

డాక్టర్‌ను మళ్లీ అడిగా. ఇప్పుడైనా ఆ ఇంజెక్షన్ వేయొచ్చా అని. ఎన్నిసార్లు అడుగుతావయ్యా, ఆ టైము అయిపోయింది, అన్నాడు.

ఫిబ్రవరి 24

పొద్దున నాయన మళ్లీ ఫోన్ వైపు వేలు చూపించాడు. బ్లాక్ ఇంకా తీయలేదు. పక్క బెడ్ ఆయన ఫోన్ అడుక్కుని అమ్మకు చేశా. మోగలేదు. మోగని ఫోన్ అమ్మ చేతిలోకి తీసుకుని చెవికి పెట్టుకుంది. నాయనను చూస్తూ, యాడుండావు, అని అడిగింది.