మాటనేర్పు లేని రాయబారి

13-8-2006, ఆదివారం, అనకాపల్లి

చర్చి నుంచి వచ్చాక మేడమీద మళ్లీ ఆట పెట్టాం. ఒక్కొక్కరూ ఒక పాత్ర కల్పించుకుని, పాచికలు వేస్తూ నడిపే కథల ఆట. కథ చెప్పేది నేను. రమణ ఎప్పటిలాగే కత్తివీరుణ్ని తయారు చేసుకున్నాడు. శామ్యూల్ బావ మాత్రం ఒక రాయబారిని కల్పించి, మాటనేర్పుకి అన్నిటికంటే తక్కువ మార్కులు వేశాడు. తనకున్నట్టే నత్తి కూడా పెట్టాడు.

"ఏటి బావా, ఈడితో గెలుత్తామేటి?" అన్నాడు రమణ.

"నా... నాకు ఈడే కావాలి."

కథలో ఊరంతా జ్వరాలు. మందు కోటలో ఉంది. తలుపు తీయమని రాజుని అడగాలి. రాజు పాత్ర కూడా నాదే. తన బెల్లం కొట్లో బేరగాళ్లతో కూడా నోరు విప్పని బావ లేచి నిలబడి, ఆగుతూ, తడబడుతూ, పిల్లల ఒళ్లు ఎలా కాలిపోతున్నాయో చెప్పాడు. పాచిక వేస్తే రెండే పడింది. రాజు కాదన్నాడు.

"మ... మళ్లీ అడుగుతాను," అన్నాడు బావ.

"అడుగు బావా, మేవున్నాం," అన్నాడు రమణ.

ఈసారి ఇంకా ఎక్కువసేపు చెప్పాడు. పాచిక వేయమనడం కూడా మరిచిపోయి తలుపు తీయించేశాను.

చిన్నప్పటి నుంచి బావ ఆగిన చోటల్లా నేనే మాట అందించేవాణ్ని. సాయమే అనుకున్నాను. ఇవాళ రాజుని కాబట్టి నోరు మూసుకుని విన్నాను. ఆయన తర్వాత ఏమంటాడో ఒక్కసారి కూడా సరిగ్గా ఊహించలేకపోయాను. అంటే ఇన్నేళ్లూ నేను పూర్తి చేసిన ఆ మాటలన్నీ...