రెండోసారి కాలని పలక

అల్లుడుగారికి,

మర్యాదకి ‘గారు’ తగిలించాను, పొంగిపోకు. తలుపు పలకలు చేసే మా షెడ్డు కాలిన రోజు పదిమందిలో నువ్వన్న మాట, “మామయ్యవి పలకలు కావు, చితుకులు” అని, ఏళ్ళు గడిచినా గుండెలో ముల్లులాగే ఉంది. జనపనారలో ప్లాస్టిక్కు కరిగించి పోసి నొక్కితే మంటకి మేతేనన్నావు. ఇప్పుడు హోటలువాడు పారేసే కోడిగుడ్డు పెంకులు దంచి అందులో కలిపాను. ఇదిగో పలక. మీ మంటల ఆఫీసులో చూసి, గట్టిదని కాగితం రాసివ్వు. అది లేందే తలుపులవాడు నా సరుకు ముట్టనంటున్నాడు.

నీకు పిల్లనిచ్చినవాడు

తా.క. అక్షరాలే వంకర. పలక తిన్నగానే ఉంది.

*

మామయ్యగారికి నమస్కారం.

పలక అందింది. సగానికి కోసి, ఒక సగం కాల్చాం. వివరాలు త్వరలో.

మీ అల్లుడు

తా.క. అత్తయ్యగారి చితాభస్మం ఇంకా ఎన్నాళ్ళు ఇంట్లో ఉంచుతారని మీ అమ్మాయి బాధపడుతోంది.

*

అల్లుడా,

‘గారు’ పీకేశాను. చూడమని పంపితే కాల్చిపారేస్తావా? అప్పుడు మాటతో కాల్చావు, ఇప్పుడు చేత్తోనే అంటించావు. నీ చదువు తగలెయ్య!

మామ

తా.క. మీ అత్త నన్నొదిలి ఎక్కడికీ రాదు. బల్ల మీద, పెంకుల డబ్బా పక్కనే, తన డబ్బాలో తను భద్రంగా ఉంది.

*

మామయ్యగారూ,

కాల్చి చూడటమే మా పరీక్ష. మంట పక్కకి తీయగానే మీ పలక తనంతట తనే ఆరిపోయింది. ఆనాటి మాట వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి. ఒక్కటే చిక్కు. అందులో గుడ్డుపెంకు ఆనవాలే లేదు, ఉన్నదంతా ఎముకల బూడిద. ఏ ఎముకలో రాస్తేనే కాగితం మీద సంతకం పడుతుంది. మిగిలిన సగాన్ని సోమవారం పెద్ద మంటలో పెడుతున్నాం.

మీ అల్లుడు

తా.క. ఇలాంటివే ఇంకో ఇరవై పలకలు పంపమంటున్నారు మావాళ్ళు.

*

నాయనా,

ఎముకలేంట్రా అని తిట్టడానికే కలం పట్టాను. ఎందుకో అనుమానం వచ్చి మీ అత్త డబ్బా మూత తీశాను. నిండా గుడ్డుపెంకుల పొడి. బల్ల తుడిచినప్పుడు డబ్బాలు తారుమారయ్యాయి కాబోలు. ఇన్నాళ్ళూ పొద్దున్నే నేను కబుర్లు చెప్పింది పెంకులకి. దంచి, కలిపి, నొక్కింది మీ అత్తని.

మొదటిసారి కాటిలో కాల్చినప్పుడు కిక్కురుమనలేదు. రెండోసారి ససేమిరా అంది. నా పరువు నిలబెట్టాలనే కాబోలు.

కాగితం వద్దు, సంతకమూ వద్దు. తలుపులవాడు పోతే పోనీ. ఆ మిగిలిన సగాన్ని మాత్రం మంటలో పెట్టకు బాబూ. అమ్మాయికి నేనే చెప్పుకుంటాను.

మామ

తా.క. ఇరవై పలకలు నావల్ల కాదు. నాకున్నది ఒక్కతే పెళ్ళాం. ఆవిణ్ణి ఇంటికి పంపుతున్నావో లేదో, శనివారంలోగా జవాబు రాయి.